మేట అంచు

శాసనసభ్యుల వసతిగృహం మూడో అంతస్తులో చివరి గది టీచరమ్మది. పిల్లలకు లెక్కలు చెప్పడం మానేసి పదకొండేళ్లయింది, రెండోసారి గెలిచి సభలో కూర్చుంటోంది; అయినా రేవులో ఆమెను ఇంకో పేరుతో పిలిచినవాళ్లు లేరు. గదిలో రెండు కుర్చీలున్నాయి. ఒకదాని మీద ఆమె కూర్చుంటుంది, రెండోదాని మీద ఫైళ్లు కూర్చుంటాయి. ఎవరైనా వస్తే ఆ ఫైళ్లు తీసి కింద పెట్టాలి గానీ, ఆ శ్రమ ఆమెకు ఎప్పుడో తప్ప కలిగేది కాదు.

ఆ ఆదివారం పొద్దున ఆమె కిటికీ అద్దానికి రెండు పటాలు ఒకదాని మీద ఒకటి అంటించింది. వెనక నుంచి ఎండ పడుతుంటే కింది పటం గీతలు పై పటంలోంచి తేటగా కనబడుతున్నాయి. ఇదంతా రేవు జనం కోసం. "చట్టం చట్టం అని ఊదరగొడుతున్నావు, ఏ నీళ్లలో వల వెయ్యొచ్చో ఏ నీళ్లలో వెయ్యకూడదో మాకర్థమయ్యేలా ఒక బొమ్మ గీసి పెట్టరాదూ" అని వదిన ఫోనులో అడిగింది. చట్టం సభకు రావడానికి ఇంకా రెండు వారాలుంది.

అఖాతం ఒక్కటే, దేశాలు రెండు. నడిమధ్యలో నీళ్ల కింద పెద్ద ఇసుక మేట ఉంది. సగం ఇటువైపుది, సగం అటువైపుది. మేట నిండా సముద్రపు గడ్డి. చేపపిల్లలూ రొయ్యపిల్లలూ దాక్కుని పెరిగేది ఆ గడ్డిలోనే. అడుగు వలలు, అంటే బరువైన గొలుసుతో నేలను ఈడ్చుకుంటూ పోయే వలలు, ఆ గడ్డిని వేళ్లతో సహా పెరికేస్తున్నాయి. ఒకసారి పోతే పదేళ్లకు గానీ తిరిగి రాదు, కొన్నిచోట్ల అసలు రానే రాదు. అందుకని రెండు దేశాల శాసనసభ్యులు నలుగురేసి చొప్పున సంయుక్త సంఘంగా కూర్చుని, ఒకే చట్టాన్ని రెండు సభల్లోనూ ఒకే రోజున ఆమోదించాలని ఎనిమిదేళ్లుగా తంటాలు పడుతున్నారు. పది మీటర్లకంటే తక్కువ లోతున్న నీళ్లలో అడుగు వల వేయకూడదు. చట్టం సారాంశం అంతే. "ఈ ఒక్క ముక్కకి ఎనిమిదేళ్లా? మేమైతే ఒక్కపూటలో ఎనభై పడవల తగువు తీర్చేస్తాం" అని రేవులో పడవ నడిపే ఆమె అన్నయ్య ఎగతాళి చేసేవాడు.

ఇటువైపు నలుగురిలో టీచరమ్మ ఒకతె. సంఘానికి ఒక పద్ధతి ఉండేది. ఇటువాళ్ల ముసాయిదాను అటువాళ్లు, అటువాళ్ల ముసాయిదాను ఇటువాళ్లు పైకి చదవాలి. రెండు భాషలు, మధ్యలో దుబాసీ. ఒక్క పదం తేడా వచ్చినా ఆగాలి. అలా మాటలన్నీ జల్లెడ పట్టారు గానీ, పటాల జోలికి ఎవరూ పోలేదు. పటం అంటే దేశం. అవతలివాళ్ల పటం మీద పెన్ను పెట్టడం అమర్యాద అని మొదటి సమావేశంలోనే ఎవరో అన్నారు, అందరూ తలలూపారు. ఎవరి పటం వాళ్లే గీసుకుని చట్టానికి వెనక జతచేశారు. రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూసిన మనిషి ఆ ఆదివారం దాకా లేడు.

సరిహద్దు దగ్గర రెండు గీతలూ కలవాలి. కలవలేదు.

కాగితం జారిందేమోనని ఊడదీసి మళ్లీ అంటించింది. స్కేలు పెట్టి కొలిచింది. అటువైపు గీత బాగా లోపలికి, మేట నడుము మీదికి వచ్చేసి ఉంది. అప్పుడామె పటాల మూలనున్న చిన్న అక్షరాలు చదివింది. ఇటువైపు పటంలో లోతును బాగా ఆటు తీసినప్పటి నీటిమట్టం నుంచి లెక్కగట్టారు. అటువైపు పటంలో సగటు నీటిమట్టం నుంచి. ఆ రెంటికీ మధ్య రెండు మీటర్ల తేడా. బడిలో అయితే ఒక తొట్టీ, ఒక కర్రా తెచ్చి రెండు నిమిషాల్లో తేల్చేసే సంగతి. ఇటువాళ్లు పది అన్నచోట అటువాళ్లకు పన్నెండు. అటువాళ్ల పది ఇటువాళ్లకు ఎనిమిదే.

అంటే అటువైపు మేట అంచంతా, పడవలో అరగంట పట్టేంత వెడల్పున, చట్టానికి బయటే ఉండిపోయింది. గడ్డి అన్నిటికంటే ఒత్తుగా ఉన్నది అక్కడే. పైగా పరస్పర అనుమతి చీటీ ఉన్న ఇటువైపు పడవలు కూడా అక్కడికి పోయి వల వేయొచ్చు. ఆమె రేవులోనే డెబ్బై పడవలకు ఆ చీటీలున్నాయి. మొదటి చీటీ ఆమె అన్నయ్యదే.

ఫైళ్ల కుర్చీ పట్టుకుని కాసేపు నిలబడింది. తప్పు దొరికినందుకు కాదు. అటువైపు సంఘానికి పెద్ద అయిన ముసలాయన సభలోకి రాకముందు ముప్ఫై ఏళ్లు ఓడలకు దారి చూపించి రేవులోకి తెచ్చిన మనిషి. నీళ్ల లోతు ఎక్కణ్నుంచి కొలుస్తారో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఆయన దీన్ని చూడకపోవడమన్నది ఉండదు.

ఎనిమిదేళ్ల స్నేహం వాళ్లది. దుబాసీ లేకుండా మాట్లాడుకున్న మాటలు పది ఉండవు: బాగున్నారా, చలిగా ఉంది, వెళ్లొస్తాను. అయినా ఆమెకు ఒంట్లో బాగాలేనప్పుడు ఎవరైనా ఫోను చేశారంటే ఆయన తరఫున దుబాసీయే చేసేది.

మంగళవారం ఆమె లాంచీ ఎక్కింది. మూడు గంటల ప్రయాణం. పై డెక్కు మీద ఒక మూల కూర్చుని, మేట మీదుగా పోతున్నప్పుడు లేచి రెయిలింగు దగ్గరకు వెళ్లింది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. నీళ్లే.

పెద్దాయన కార్యాలయం లాంచీల రేవుకు ఎదురుగా ఉంటుంది. ఒకప్పుడు ఆ గుమ్మంలో జనం తోసుకునేవారు. వచ్చే నెలలో వాళ్ల సభ గడువు తీరిపోతుంది, ఎన్నికలు. ఆయన మళ్లీ నిలబడటం లేదు. ఆ సంగతి తెలిసిన మర్నాటి నుంచి గుమ్మం ఖాళీ. గోడవారన వరసగా కుర్చీలు, వాటి మీద దుమ్ము. దుబాసీ ముందే వచ్చి కూర్చుని ఉంది. నలభై దాటిన మనిషి, ఎప్పుడూ గొంతు సర్దుకుంటూ ఉంటుంది.

"మీ పటాల్లో లోతు ఎక్కణ్నుంచి కొలుస్తారో ఆయన్ని అడుగు" అంది టీచరమ్మ, కుశల ప్రశ్నలు కూడా లేకుండా.

దుబాసీ అడిగింది. పెద్దాయన టీచరమ్మ ముఖంలోకి చూశాడు. తర్వాత చాలాసేపు ఏదో చెప్పాడు. చేతులతో కూడా చెప్పాడు.

"తెలుసుట" అంది దుబాసీ.

"అంతసేపు చెప్పింది ఆ ఒక్క ముక్కేనా?"

"మిగతాదంతా కంగారు మేడమ్. అది కూడా తర్జుమా చెయ్యమంటారా?"

"వద్దు. ఎందుకిలా చేశారో అడుగు."

ఈసారి ఆయన తొందరపడలేదు. వాక్యం చెప్పి ఆగుతూ, దుబాసీకి సమయమిస్తూ మాట్లాడాడు. వాళ్ల సభలో రేవుల నుంచి గెలిచినవాళ్లు ముగ్గురున్నారు. ఆ ముగ్గురి ఓట్లు లేకపోతే చట్టం వీగిపోతుంది. మేట అంచు వదిలేస్తేనే వాళ్లు చెయ్యెత్తుతారు. మాట మారిస్తే అందరికీ తెలిసిపోతుంది కాబట్టి మాట మార్చలేదు. వాళ్ల సర్వే కార్యాలయం పాత పద్ధతిలోనే పటం గీస్తుంటే చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

"ముప్పాతిక దక్కించుకోవడమా, మొత్తం పోగొట్టుకోవడమా అని ఆలోచించాను అంటున్నారు. ఆయన తర్వాత దీన్ని నెత్తికెత్తుకునేవాళ్లు లేరుట."

"నాకెందుకు చెప్పలేదో అడుగు."

దుబాసీ అడిగింది. ఆయన తిరిగి ఒక ప్రశ్న వేశాడు.

"చెబితే మీరు ఒప్పుకునేవారా అంటున్నారు."

"లేదు."

దానికి తర్జుమా అక్కర్లేకపోయింది. ఆయన తలూపాడు. కిటికీ వైపు తిరిగి రెండు మాటలన్నాడు. దుబాసీ గొంతు సర్దుకుంది.

"అందుకే అంటున్నారు."

మా సభలో ఓటు పడేదాకా నోరు మెదపకండి, ఆ తర్వాత మీ ఇష్టం అని ఆయన అడిగాడు. టీచరమ్మ సరేనంది. లేచి వస్తుంటే ఆయన గుమ్మందాకా వచ్చి, తనకొచ్చిన పది మాటల్లోంచి ఒకటి ఏరుకుని "చలిగా ఉంది" అన్నాడు. తిరుగు లాంచీలో కింది డెక్కు మీద, ఇంజను మోతలో కూర్చుంది.

శనివారం అన్న ఫోను చేశాడు. ఆయన ఫోను చేయడమే అరుదు. ఏడో తరగతిలో బడి మానేసి తండ్రి పక్కన వల లాగడానికి పోయిన మనిషి. చెల్లెలు బడి మానక్కర్లేకుండా తను మానేశాడు. రేవులో మొదటి డిగ్రీ ఆమెది. ఆ పట్టా ఫొటో ఇప్పటికీ ఆయన పడవ గదిలో చుక్కానికి పైన ఉంటుంది.

"లాంచీ ఎక్కి అవతలికి పోయొచ్చావంటగా. అంచు సంగతికేనా?"

"నీకెలా తెలుసు?"

"నాకేంటి, రేవంతటికీ తెలుసు. నీళ్లలో తాడు దింపుకుని బతికేవాళ్లకి లోతు తెలీదా? నువ్వే పాపం పుస్తకాలు పెట్టుకుని కూర్చుంటావు."

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వడగలేదు. అయినా అవతలి రేవు వాళ్లూ మేమూ మాట్లాడేసుకున్నాం. వారంలో మూడ్రోజులు వాళ్లు, మూడ్రోజులు మేం. ఒకరోజు ఎవరూ పోరు."

"మాట్లాడుకున్నారా? వాళ్ల భాష మీకొచ్చా? దుబాసీ ఎవరు?"

"దుబాసీ దేనికే? వేళ్లు చూపిస్తే చాలదూ? పొద్దున మొదలెట్టి భోజనాలకి తేల్చేశాం." అన్న గొంతులో గర్వం. "మీ సంఘం ఎనిమిదేళ్లు కూర్చుంది."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వింది కూడా. అంతలోనే కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండు రేవులకు తెలుసు, పెద్దాయనకు తెలుసు, ఆ ముగ్గురు సభ్యులకు తెలుసు. అఖాతం చుట్టూ ఇంతమంది ఇంత ఒద్దికగా ఒక్కమాట మీద నిలబడితే, ఆ మాట తెలియనిది తనొక్కతే.

"అన్నయ్యా, అక్కడ గడ్డి పోతే మేటంతా పోతుంది. నీకు తెలుసు కదా."

"తెలుసు. కానీ పది మీటర్ల లోపల నీళ్లన్నీ మూసేస్తున్నారు కదమ్మా. అంచు కూడా మూసేస్తే మేం ఎక్కడికి పోవాలి? నువ్వేం కదిలించకు. ఈ ఒక్కటీ వదిలెయ్. అడుగుతున్నాను."

అన్న ఎప్పుడూ ఆమెను ఏదీ అడగలేదు. పట్టా పుచ్చుకున్న రోజున కూడా ఇదిగో ఇది చెయ్యి అనలేదు. అందుకే ఆ 'అడుగుతున్నాను' ఆమె చెవుల్లోంచి పోలేదు.

ఆ వారమంతా ఆమె చట్టం కట్టలు తిరగేసింది. ఉమ్మడి చట్టంలో ఒక్క అక్షరం కదిలించినా అటువాళ్లు మళ్లీ ఆమోదించాలి. వాళ్లకు ఆ వ్యవధి లేదు. అటువైపు పడవలను ఆపడం ఆమె చేతిలో లేదు. కానీ అనుమతి చీటీల నిబంధనలు ఇటువైపు సభ సొంతం. అందులో ఒక్క వాక్యం చేర్చొచ్చు: ఈ దేశపు చీటీతో అఖాతంలో ఎక్కడ వేటాడినా లోతును ఈ దేశపు లెక్క ప్రకారమే చూడాలి. అలా చేరిస్తే అంచు మీదికి పోయే పడవల్లో ముప్పాతిక ఆగుతాయి. ఆ ముప్పాతికా ఆమె సొంత మనుషులది. అన్నయ్యది.

వాక్యం రాసింది. కొట్టేసింది. మళ్లీ రాసింది. ఎదురుగా కూర్చుని "ఇది తప్పమ్మా" అనో "ఇదే ఒప్పు" అనో చెప్పే మనిషి ఒక్కరుంటే బాగుండునని అనిపించింది. అలా చెప్పగలిగినవాళ్లు ఇద్దరే, ఇద్దరూ తన దగ్గర దాచినవాళ్లే.

సవరణను బలపరచడానికి ఇంకో సభ్యుడు కావాలి. తీరప్రాంతపు సభ్యులను ఒక్కొక్కరినీ అడిగింది. ఒకరు నీళ్లు నమిలారు, ఒకరు మొహం చాటేశారు, ఒకాయన "మీ రేవు కడుపు మీరే కొట్టుకుంటారా టీచరమ్మగారూ, మీకేం పోయేకాలం" అని నవ్వాడు. ఆఖరికి క్యాంటీనులో కొండప్రాంతం సభ్యుడు దొరికాడు. సముద్రాన్ని ఫొటోల్లోనే చూసిన మనిషి.

"నీళ్లలో గడ్డేంటండీ? మేకలు మేస్తాయా?"

"తాబేళ్లు మేస్తాయి."

"ఆహా! మా కొండ మీద గడ్డి కోసం నేను పదేళ్లుగా కొట్లాడుతున్నాను. నా మొర విన్న నాథుడు లేడు." చేతులు తుడుచుకున్నాడు. "ఇలా తెండి, సంతకం పెడతాను."

ఓటు రోజున పొద్దున పదకొండున్నరకు దుబాసీ ఫోను చేసింది. అటువైపు సభలో చట్టం నెగ్గింది, నాలుగు ఓట్ల తేడాతో. ఆ ముగ్గురూ చెయ్యెత్తారు. పెద్దాయన పక్కనే ఉన్నాడు. వెనక చప్పట్లు వినబడుతున్నాయి.

"నా మాట నేను నిలబెట్టుకున్నానని చెప్పు. ఇప్పుడు నేను చేయబోయేది కూడా చెప్పు" అని, ఆ వాక్యం చదివి వినిపించింది.

అటు చాలాసేపు మాటలు నడిచాయి. దుబాసీ మళ్లీ ఫోనులోకి వచ్చింది. "ఆయన ఏమంటున్నారంటే... మా వాళ్లని ఆపలేరు, మీ వాళ్లని మాత్రమే కట్టేస్తున్నారు, ఇది న్యాయం కాదు అంటున్నారు."

"న్యాయం కాదని నాకూ తెలుసని చెప్పు."

దుబాసీ చెప్పింది. వెనక చప్పట్లు ఇంకా వినబడుతుండగానే లైను తెగిపోయింది. ఫోను ఎవరు పెట్టేశారో ఆమెకు తెలియలేదు.

మధ్యాహ్నం సభలో ముప్పాతిక కుర్చీలు ఖాళీ. ఉమ్మడి చట్టం మీద ఎవరికీ పేచీ లేదు, అందరూ బల్లలు చరిచారు. తర్వాత నిబంధనల వంతు వచ్చింది. ఆమె లేచి ఆ ఒక్క వాక్యం చదివి, ఎందుకు కావాలో తొట్టీ కర్రా లెక్కన చెప్పింది. ఆరు నిమిషాలు మాట్లాడింది. తన రేవు పేరు, డెబ్బై పడవల సంగతి, దాచకుండా చెప్పింది. కొండప్రాంతం ఆయన లేచి బలపరుస్తున్నానని అని, ఎందుకైనా మంచిదని తన కొండ గడ్డి గురించి కూడా రెండు ముక్కలు మాట్లాడి కూర్చున్నాడు. సభాపతి అడిగితే అవుననేవాళ్లు అవునన్నారు. కాదనాల్సినవాళ్లు క్యాంటీనులో ఉన్నారు. ఎనిమిదేళ్లు పట్టిన పనికి పక్కన, ఇది పావుగంటలో అయిపోయింది.

బయట వసారాలో సంయుక్త సంఘంలోని ఇటువైపు సభ్యులూ సిబ్బందీ ఫొటో దిగుతుంటే ఆమెను కూడా పిలిచారు. రెండో వరసలో, చివర నిలబడింది. పక్కనున్నాయన అరంగుళం జరిగాడు. చోటివ్వడానికో, ఎడంగా ఉండటానికో.

అన్న ఫోను చేయలేదు. ఆమె చేస్తే వదిన తీసి, "పడవ మీదున్నారు" అంది. మర్నాడూ పడవ మీదే ఉన్నాడు. మూడోనాడు వదినకే విసుగొచ్చింది. "ఎన్నని అబద్ధాలాడను? ఎదురుగానే కూర్చున్నారు. మాట్లాడరంట."

రెండు వారాలాగి ఆమె తనే వెళ్లింది. బస్సు దిగి రేవు గేటులోంచి నడుస్తుంటే మంచు దంచేవాళ్లు దంచడం ఆపారు. చేపల బుట్టలు మోసే ఆడవాళ్లలో ఒకామె చిన్నప్పుడు ఆమె దగ్గర ఎక్కాలు నేర్చుకుంది. "బాగున్నారా టీచరమ్మా" అని, పక్కవాళ్లు చూసేసరికి తల దించుకుని వెళ్లిపోయింది. గట్టున పడవలు జతజతలుగా కట్టి ఉన్నాయి. దూరంగా, అంచు ఉండాల్సిన వైపు, నీళ్ల మీద చుక్కల్లా పడవలు కనబడుతున్నాయి. అవతలివాళ్లవి.

అన్న వలల షెడ్డులో ఉన్నాడు. ఒళ్లో వల, చేతిలో సూది. తలెత్తలేదు.

"ఇవాళ ఇరవై రెండు" అన్నాడు. "పొద్దుట్నించీ లెక్కపెడుతున్నా. ఇప్పుడు వాళ్లకి మూడ్రోజులెందుకు, ఆరు రోజులూ వాళ్లవే."

"చూశాను."

"వాళ్లని ఆపలేక మమ్మల్ని ఆపావు. చేతికి దొరికినవాళ్లం మేమే కదా."

"అవునన్నయ్యా."

ఆమె సర్ది చెబుతుందనుకున్నాడేమో, సూది ఆగింది. మొదటిసారి ఆమె ముఖం చూశాడు. "కాదని ఒక్కమాటైనా అనవేం?"

"కాదనడానికేముంది? నువ్వన్నదే నిజం. ఇరవై రెండు పోతున్నాయి. మనవి కూడా పోతే తొంభై అయ్యేవి."

"ఇరవై రెండుతో గడ్డి బతుకుతుందా?"

"బతకొచ్చు. కొంత."

"కొంత!" అన్న వల పక్కకు నెట్టాడు. కోపం వస్తుందనుకుంది గానీ రాలేదు. ఆయన అలిసిపోయినట్టున్నాడు. "సరే. ఎన్నాళ్లు మేమిలా గట్టున కూర్చోవాలి?"

"అవతలివాళ్లు కూడా ఆపేదాకా."

"వాళ్లెప్పుడు ఆపుతారు?"

ఆమె నోరు తెరిచింది. కొత్త సభ వస్తుంది, కొత్త సంఘం ఏర్పడుతుంది, పెద్దాయన చోట ఎవరో వస్తారు, మొదటి సమావేశంలోనే పటాల సంగతి తీస్తాను. చెప్పడానికి ఇన్ని ఉన్నాయి. ఇవేవీ ఆయన అడిగినదానికి జవాబు కాదు. చిన్నప్పటినుంచీ ఏది అడిగినా, పడవ కాగితం దగ్గర్నుంచి కోర్టు నోటీసు దాకా, "చెల్లికి తెలుసు, చెల్లినడగండి" అనేవాడు ఆయన. ఆ మాట అనడంలోనే ఆయనకొక సంతోషం ఉండేది.

"తెలియదన్నయ్యా" అంది.

అన్న వల మళ్లీ ఒళ్లోకి లాక్కుని, అల్లుతూ వదిలేసిన కన్ను వెతుక్కున్నాడు.

"వదిన అన్నం తినకుండా పోనివ్వదు, తినేసి వెళ్లు" అన్నాడు. ఆమె రెండడుగులు వేశాక వెనక నుంచి, గొంతేమీ పెంచకుండా, "ఈసారి తెలిశాక రా" అన్నాడు.